‘ఏం లేదులే’ అనేవాళ్ళ కోసం

ఆఫీసు నుంచి వచ్చి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి ఆపి, లిఫ్ట్ ఎక్కకుండా పావుగంట ఫోన్ చూసుకుంటూ కూర్చుంటున్నారా? ఆదివారం సాయంత్రం అయ్యేసరికి, ఎవరూ ఏమీ అనకపోయినా, ఇంట్లో అందరి మీదా విసుగొస్తోందా? పిల్లవాడు లెక్కల పుస్తకం పట్టుకుని దగ్గరికొస్తే కసిరేసి, వాడు అటు తిరగ్గానే మీ మీద మీకే రోత పుడుతోందా? ఆవిడ ‘ఏమైందండీ’ అంటే ‘ఏం లేదులే’ అంటున్నారా?

అయితే ఈ అధ్యాయం మీ కోసమే.

ముందే చెప్తున్నా. పొద్దున నాలుగున్నరకి లేవమని, చన్నీళ్ళు పోసుకోమని, అద్దంలో చూసుకుంటూ ‘నేను సాధిస్తాను’ అనుకోమని ఇక్కడ ఎక్కడా ఉండదు. రాత్రి ఒంటిగంట దాకా క్లయింటు కాల్‌లో కూర్చున్నవాణ్ణి నాలుగున్నరకి లేపితే వాడికి కావలసింది స్ఫూర్తి కాదు, నిద్ర. మనం చేయబోయేది చాలా చిన్న పని. ‘టెన్షన్‌గా ఉంది’ అని ఊరుకోకుండా, ఆ టెన్షన్ ఏ వేళకి, ఎవరి వల్ల, ఏ పని దగ్గర వస్తోందో కనిపెట్టాలి. కనిపెట్టినదాన్ని చెప్పాల్సిన మనిషికి చెప్పాలి. మొదటిది మనకి బాగానే వస్తుంది. రెండోదాని దగ్గరే నోరు పెగలదు.

మగవాళ్ళకంటూ విడిగా ఒక అధ్యాయం ఎందుకు? ఆడవాళ్ళకి ఒత్తిడి లేదనా? ఆఫీసు పనీ ఇంటి పనీ రెండూ మోసే ఆవిడ ముందు ఆ మాట అనే ధైర్యం నాకు లేదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకుంటే, వాళ్ళలో నూటికి దాదాపు 72 మంది మగవాళ్ళు. మొత్తంలో నాలుగో వంతుకు పైగా రోజు కూలీలు. కాబట్టి ఇది ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళకి వచ్చే సుకుమారపు రోగం అనుకోకండి. ఆ చావుల వెనక అప్పులుంటాయి, జబ్బులుంటాయి, ఇంటి గొడవలుంటాయి, తాగుడుంటుంది. అన్నిటికీ పని ఒక్కటే కారణమని ఎవరన్నా నమ్మకండి. కానీ పలకరింపుకి వెళ్ళిన చాలా ఇళ్ళలో వినపడే మాట మాత్రం మీరూ వినే ఉంటారు: ‘మాతో ఒక్క ముక్కైనా అనలేదండీ.’

మగవాడి దిగులు మారువేషంలో వస్తుంది

దిగులు అనగానే దుప్పటి ముసుగేసుకుని పడుకున్న మనిషి గుర్తొస్తాడు. చాలామంది మగాళ్ళలో అది అలా కనపడదు. కోపంగా కనపడుతుంది. సిగ్నల్ పడ్డాక ముందున్న ఆటో రెండు క్షణాలు ఆలస్యం చేస్తే నోటికొచ్చిన తిట్టు బయటికొస్తుంది. రోజుకి రెండు సిగరెట్లు ఆరవుతాయి. శనివారం మాత్రమే తాగే మనిషి బుధవారానికి కూడా ఏదో సాకు వెతుక్కుంటాడు. మెడ నొప్పి, నడుం నొప్పి, కడుపుబ్బరం అంటూ ముగ్గురు డాక్టర్లని చూసి, స్కానింగులు తీయించుకుని, ‘అన్నీ నార్మలే’ అనిపించుకుని ఇంటికొస్తాడు. నార్మల్ అన్నందుకు సంతోషం కూడా కలగదు. రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది, ఆ చీకట్లోనే రేపటి రివ్యూ మీటింగ్ మొదలైపోతుంది. భార్య మీద కోరిక తగ్గుతుంది. ఆ సంగతి ఆవిడతో అనలేక, రోడ్డు పక్క గోడల మీద పెయింటుతో రాసిన నంబర్లకి ఫోన్ చేసి వేలకి వేలు పోసుకునేవాళ్ళున్నారు.

వీటిలో నాలుగైదు మీలో కనపడుతున్నాయా? కంగారు పడకండి, కానీ రెండు విషయాలు గుర్తుంచుకోండి.

ఒకటి, ఛాతీలో పట్టేసినట్టుండి, చెమటలు పోసి, ఎడమ చేయి లాగుతుంటే ‘గ్యాస్’ అని సోడా తాగి పడుకోకండి. ‘టెన్షన్‌లే’ అని కూడా అనుకోకండి. ముందు ఆసుపత్రి, ఈసీజీ. గుండెకేమీ లేదని తేలాకే భయం వల్ల వచ్చిందేమో ఆలోచించాలి. రెండోది, నీరసం, చిరాకు అన్నీ మనసులోంచే రావు. థైరాయిడ్, బి12, షుగర్, బీపీ ఒకసారి చూపించుకోండి. మీ గురకకి పక్కగదిలో వాళ్ళు కూడా లేస్తున్నారంటే, పగలు మీటింగులో కళ్ళు మూతపడుతున్నాయంటే, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో డాక్టర్ని అడగండి. ఎంత నిద్రపోయినా తేరుకోకపోవడానికి అదే కారణం కావచ్చు.

నొక్కుతున్నది ఎక్కడ?

‘పని ఎక్కువైందండీ’ అంటారు అందరూ. అది చాలాసార్లు సగం నిజమే.

గంటలు లెక్కలోకి రావని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్కతీశాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్ళకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు కుర్రాళ్ళు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 మొదట్లో ఎల్ అండ్ టీ చైర్మన్ గారు దాన్ని 90 దాకా తీసుకెళ్ళారు. ఇద్దరూ పెద్దవాళ్ళే. మన రక్తనాళాలు మాత్రం వాళ్ళ మాట వినవు.

అయినా, రోజుకి పన్నెండు గంటలు సొంత కిరాణా కొట్లో నిలబడే మనిషి హాయిగా నిద్రపోతాడు. ఎనిమిది గంటల ఉద్యోగం చేసే మనిషి నిద్రమాత్ర వేసుకుంటాడు. ఎందుకంటారు?

ఒక బ్యాంకు బ్రాంచి తీసుకోండి. మేనేజరు గారు పొద్దున తొమ్మిదిన్నరకి వస్తారు. పింఛను కోసం వచ్చిన పెద్దాయనకి వేలిముద్ర పడటం లేదు, లింకు డౌన్, బంగారం తూచే అప్రైజరు ఇంకా రాలేదు. ఇవన్నీ ఆయనకి అలవాటే. అలసట వస్తుంది, ఇంటికెళ్తే పోతుంది. మధ్యాహ్నం వాట్సాప్ గ్రూపులో పై ఆఫీసు నుంచి ఒక పట్టిక దిగుతుంది: ఈ రోజు ఇన్సూరెన్స్ పాలసీలు ఎన్ని? సున్నా అని ఉన్నచోట ఆయన బ్రాంచి పేరు ఎర్ర రంగులో. పంట రుణం కోసం వచ్చిన రైతుకి పాలసీ అంటగట్టడం ఆయనకి ఇష్టం లేదు. అంటగట్టకపోతే సాయంత్రం ఆరున్నరకి కాన్ఫరెన్స్ కాల్‌లో, మిగతా బ్రాంచీల వాళ్ళంతా వింటుండగా సంజాయిషీ చెప్పాలి. ఆయన్ని తినేస్తున్నది గంటలు కాదు, ఆ ఎర్ర గడి.

అందులో రెండు విషయాలున్నాయి. తన పని మీద తనకి అదుపు లేదు. పదిమందిలో పరువు పోతోంది. లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలై దశాబ్దాలపాటు సాగిన వైట్‌హాల్ అధ్యయనాల్లో, గుండెజబ్బుతో ఎక్కువగా పోయింది పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళు కాదు, కింది మెట్టు వాళ్ళని తేలింది. పనిలో తమ మాట చెల్లకపోవడం దానికున్న కారణాల్లో ముఖ్యమైనది. ‘పెద్ద బాధ్యతలున్నవాడికే టెన్షన్’ అనే మన నమ్మకానికి ఇది సరిగ్గా ఎదురు.

ఇక అనిశ్చితి. బెంచ్ మీద కూర్చోబెట్టిన సాఫ్ట్‌వేర్ కుర్రాడికి పనే ఉండదు, అయినా ఒళ్ళు హూనమవుతుంది. ప్రతి శుక్రవారం హెచ్ఆర్ నుంచి మెయిలొస్తుందేమోనని. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో హెచ్-1బి మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోవడానికో, సామాన్లు సర్దుకోవడానికో ఉండే గడువు మహా అయితే 60 రోజులు. ఇక్కడ అమ్మానాన్నలకి వాట్సాప్‌లో మంచు పడుతున్న ఫొటో పంపిస్తూ అక్కడ వాడు రోజులు లెక్కపెట్టుకుంటుంటాడు. డెలివరీ కుర్రాడికి ఒక కస్టమరు కోపంలో నొక్కిన ఒక్క స్టారు. కాంట్రాక్టు లెక్చరరుకి రెన్యువల్ అవుతుందో లేదో. కార్పొరేట్ కాలేజీలో అయితే పాఠం చెప్పినవాడే ఎండాకాలం ఊళ్ళు తిరిగి అడ్మిషన్లు తేవాలి, తేకపోతే వచ్చే ఏడాది పాఠం ఉండదు.

వీటన్నిటి కింద ఈఎంఐ ఉంటుంది. 5వ తేదీన ఫ్లాటు, 7న కారు, 10న పర్సనల్ లోను. పెళ్ళిలో భోజనాల దగ్గర మామయ్య ‘ప్యాకేజీ ఎంత బాబూ’ అంటాడు. మగవాడి విలువంతా ఆ ఒక్క అంకెలో ఉందని చిన్నప్పటి నుంచి నూరిపోశాక, ఆ అంకెకి దెబ్బ తగిలితే మనిషికే దెబ్బ తగిలినట్టవుతుంది. ఉద్యోగం వదలాలంటే ఈఎంఐ ఒప్పుకోదు, చేయాలంటే మనసొప్పదు.

కొంతమంది ఈ దశ కూడా దాటేసి ఉంటారు. ఎంత సెలవు పెట్టినా పోని అలసట, ‘ఎవడెలా పోతే నాకేం’ అనే విరక్తి, ‘నాకు చేతకావడం లేదు’ అనే భావం. ఈ మూడూ కలిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్న్‌అవుట్ అంటుంది. 2019లో దాన్ని జబ్బుల వర్గీకరణలో చేర్చినప్పుడు జబ్బుగా కాక, పనితో ముడిపడిన పరిస్థితిగా రాసింది. ఈ తేడా మీకు పనికొస్తుంది: లోపమంతా మీలోనే వెతుక్కోకండి, సగం పనిలో వెతకండి.

ఇప్పుడు ఏం చేయాలి?

1. ఒక వారం రాసి పెట్టండి. ఫోన్‌లో నోట్స్ తెరిచి, కడుపులో తిప్పినట్టో, దవడలు బిగుసుకున్నట్టో అనిపించిన ప్రతిసారీ ఒక్క లైను. వేళ, మనిషి, సంగతి, అంతే. ‘రాత్రి 9:40. సార్ మెసేజ్. రేపు ఎన్ని లాగిన్లు.’ ‘మధ్యాహ్నం 12. టీమ్ కాల్. నా పని వేరేవాడి పేరుతో చెప్పారు.’ భావాలు రాయక్కర్లేదు, అది మీకు రాకపోయినా ఫరవాలేదు. వారం తర్వాత చదివితే ఒకటి రెండు పేర్లో, వేళలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ‘ఉద్యోగమే నరకం’ అనుకున్నది చాలాసార్లు ఇద్దరు మనుషులు, ఒక వాట్సాప్ గ్రూపు అని తేలుతుంది. ఇక్కడ జరిగే పొరపాటు ఏంటంటే, మొదటి రోజు పేజీ రాసి మూడో రోజు మానేయడం. ఒక్క లైను చాలన్నది అందుకే.

2. పై అధికారిని అడగండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, బాసు పెడతాడా? కానీ అడగడానికో పద్ధతుంది. ‘సార్, ప్రెషర్ ఎక్కువగా ఉంది’ అంటే ఆయన ‘అందరికీ ఉంది’ అంటాడు, కథ అక్కడితో సరి. బదులుగా ఇలా చెప్పి చూడండి:

‘సార్, నా దగ్గర మూడు పనులున్నాయి. శుక్రవారానికి రెండు పూర్తి చేయగలను. మూడోది మంగళవారం అవుతుంది. ఏది ముందు కావాలో మీరు చెప్తే అలా చేస్తాను.’

ఇందులో ఏడుపు లేదు, ఫిర్యాదు లేదు. నిర్ణయం ఆయన చేతిలో పెట్టారు, గడువు మీ చేతిలో ఉంచుకున్నారు. ‘మూడూ కావాలి’ అంటాడా? ‘సరే సార్, ప్రయత్నిస్తాను, మూడోది జారే అవకాశం ఉంది’ అని అదే మాట సాయంత్రం మెయిల్‌లో రెండు లైన్లు రాయండి. తర్వాత రివ్యూలో అది మీకు గొడుగు. అందరి ముందు తిట్టే మనిషితోనైతే, ఆ క్షణంలో కాకుండా మర్నాడు విడిగా వెళ్ళి చెప్పండి: ‘సార్, తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను. అందరి ముందు అంటే ఆ రోజంతా నాకు పని సాగడం లేదు.’ సగంమంది తగ్గుతారు. తగ్గని మనిషి ఇక తగ్గడని తెలిసిపోతుంది, అదీ మంచిదే. అప్పుడు రెజ్యూమె తీయండి, లేదా బదిలీ అడగండి. చేయకూడనివి మూడు: కోపంలో మాట్లాడటం, గ్రూపులో మాట్లాడటం, ఇంకో ఉద్యోగం చేతికి రాకముందే బల్ల గుద్ది రాజీనామా ఇవ్వడం. సినిమాలో బాగుంటుంది. 5వ తేదీకి ఈఎంఐ కట్టేది మాత్రం హీరో కాదు.

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకి ఒక మాట. చట్టం వారానికి 48 గంటల పరిమితి పెట్టింది, ఓవర్‌టైముకి రెట్టింపు కూలి ఇవ్వాలంది. ఆ లెక్కలో తేడా వస్తే ఒంటరిగా సూపర్‌వైజరు మీద ఎగరకండి. యూనియన్ ద్వారానో, నలుగురు కలిసో అడగండి.

3. ఇంట్లో ‘ఏం లేదులే’ మానేయండి. మీరలా అన్నప్పుడు ఆవిడకి ఏమనిపిస్తుందో తెలుసా? ‘నా మీదే కోపం’ అని. అక్కణ్ణుంచి ఇంకో గొడవ. అన్నీ చెప్పక్కర్లేదు. గుమ్మంలోకి రాగానే ఇంత చాలు: ‘ఆఫీసులో గొడవైంది. నీ మీద కోపం కాదు. ఒక అరగంట వదిలెయ్, తిన్నాక చెప్తా.’ తర్వాత నిజంగా చెప్పండి. సలహా వద్దనుకుంటే ‘ఊరికే విను’ అని ముందే అనండి. ఆవిడ ‘వదిలెయ్యండి ఆ ఉద్యోగం’ అంటే అది ఆర్థిక సలహా అనుకుని వాదనకి దిగకండి. ‘మీకంటే ఉద్యోగం ఎక్కువ కాదు’ అని ఆవిడ అనే తీరు అది.

దీనికి పూర్తిగా అటు చివర ఉన్న పరిస్థితి ఒకటుంది. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ టిఫిన్ బాక్సు కట్టించుకుని అదే వేళకి బయల్దేరే మనిషి. మెట్రోలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతాడు. పన్నెండున్నరకి ఏ పార్కు బెంచీ మీదో బాక్సు విప్పుతాడు. ఆవిడ పొద్దున్నే లేచి చేసిన దొండకాయ వేపుడు గొంతు దిగదు. సాయంత్రం ఆరింటి దాకా గడిపి, ‘ట్రాఫిక్’ అంటూ ఇంటికొస్తాడు. మీరు ఆ మనిషే అయితే, ఈ పేజీ ఇక్కడ ఆపేసి ఇవాళే చెప్పండి. ‘ఉద్యోగం పోయి ఇన్ని రోజులైంది. భయపడి చెప్పలేదు.’ రెండు వాక్యాలు. ఆవిడ ఏడుస్తుంది, బహుశా మూడు రోజులు మాట్లాడదు కూడా. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని ఈఎంఐల కాగితాలు ముందేసుకోవచ్చు. బ్యాంకుకి వెళ్ళి గడువు పెంచమని అడగవచ్చు, బంగారం సంగతి, అద్దె ఇంటి సంగతి మాట్లాడుకోవచ్చు. దాచినంత కాలం వీటిలో ఒక్కటీ కుదరదు. లోన్ యాప్ తప్ప ఇంకో దారి కనపడదు, అది దారి కాదని మీకూ తెలుసు.

4. మందు, మాత్ర. పెగ్గు నిద్ర పట్టిస్తుందన్నది నిజమే. మధ్యలో లేపేది కూడా అదే. మందు దిగే వేళకి నిద్ర పలచబడి, మూడింటికి కళ్ళు తెరుచుకుంటాయి. తెలిసిన మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అల్ప్రాజొలం మరీ ప్రమాదం. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపి జనాన్ని దానికి బానిసల్ని చేసేది ఈ మందుతోనే అంటే దాని పట్టు ఎలాంటిదో అర్థం చేసుకోండి. డాక్టరు రాసిన మోతాదులో, రాసినన్ని రోజులే వాడాలి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే ఉన్నట్టుండి ఆపకూడదు కూడా, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. అలాగే రోజూ తాగేవాళ్ళు హఠాత్తుగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. ఆ పని ఒంటరిగా పెట్టుకోకండి.

5. రాత్రి తొమ్మిది తర్వాత ఆఫీసు గ్రూపుని మ్యూట్ చేయండి. ‘అర్జెంటైతే ఫోన్ చేయండి సార్’ అని ముందే చెప్పి ఉంచండి. ఫోన్ చేయాలంటే అవతలివాడు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. మెసేజికి ఆలోచించడు.

6. ఒక్క మనిషిని చూసుకోండి. వాట్సాప్‌లో రెండొందలమంది ఇంటర్ బ్యాచ్ ఉంటారు, ‘హ్యాపీ బర్త్‌డే మామా’ దాటి మాట సాగదు. మీకు కావలసింది, అప్పు గురించో భయం గురించో చెప్తే నవ్వని ఒక్కడు. అన్నయ్య కావచ్చు, బావ కావచ్చు, పాత రూమ్మేటు కావచ్చు. ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పమంటే మగాళ్ళకి నోరు రాదు. పక్కపక్కన నడుస్తున్నప్పుడు, బండి మీద వెనక కూర్చున్నప్పుడు, టీ కొట్టు దగ్గర రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డప్పుడు వస్తుంది. ఆస్ట్రేలియాలో ‘మెన్స్ షెడ్స్’ నడుస్తున్నది ఈ కిటుకు మీదే. వడ్రంగం పనో, రిపేరు పనో పెట్టుకుని మగవాళ్ళు ఒకచోట చేరతారు. చేతులు పనిలో ఉంటే మాట దానంతటదే వస్తుంది. మనకి షెడ్డు కట్టుకునే పనిలేదు, టీ కొట్లున్నాయి.

ఆ స్థితిలో ఉన్నది మీరు కాదు, మీ స్నేహితుడైతే?

‘ఎలా ఉన్నావురా?’ అంటే ‘సూపర్’ అంటాడు. రెండోసారి అడగండి. ‘అది సరే గానీ, ఈ మధ్య సరిగ్గా తినట్లేదు, ఫోన్ ఎత్తట్లేదు. ఏంటి సంగతి?’ అడిగి ఊరుకోండి. ఆ మౌనం ఇబ్బందిగా ఉంటుంది, మీరు మాత్రం జోకుతో నింపకండి. ‘నీకేం తక్కువరా’, ‘మగాడివి కదా’, ‘నా కష్టాల ముందు నీదెంత’ అనే మూడు మాటల్లో ఏది అన్నా వాడు మళ్ళీ నోరు తెరవడు.

కొన్ని మాటలు వింటే చెవులు రిక్కించండి. ‘నేను లేకపోతేనే వీళ్ళు బాగుంటారు.’ ‘నాకేమైనా అయితే ఇన్సూరెన్స్ వస్తుందిలే.’ చాలాకాలం కుంగిపోయి ఉన్న మనిషి ఉన్నట్టుండి ప్రశాంతంగా మారి, బాకీలు తీర్చి, వస్తువులు పంచేస్తున్నా అంతే. సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగినందుకు వాడికి ఊపిరి ఆడుతుంది. ‘అవును’ అంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు, ఎక్కువ మాత్రలు లాంటివి అందకుండా చేయండి. వాడితో కలిసి కూర్చుని 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీ పగలూ ఎప్పుడైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే ఫోన్‌లో కాలం గడపకుండా దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. మీకే అలాంటి ఆలోచన వస్తుంటే, ఆ ఫోన్ చేయాల్సింది మీరు. స్నేహితుడి కోసం అని చెప్పి మొదలుపెట్టినా ఫరవాలేదు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు? ఎలా?

దిగులో, దేని మీదా ఆసక్తి లేకపోవడమో, చిరాకో రోజులో చాలా భాగం పట్టి, రెండు వారాలు దాటినా వదలకపోతే వెళ్ళండి. పని చెడుతున్నా, చెయ్యి చేసుకునేదాకా వస్తున్నా, రోజూ తాగకపోతే కుదరడం లేదనిపించినా రెండు వారాలు కూడా ఆగనక్కర్లేదు.

‘ఎర్రగడ్డ కేసు’ అని మనం వేసుకునే జోకు ఎంతమందిని గుమ్మం దగ్గరే ఆపేసిందో! ఆ ఎర్రగడ్డ ఆసుపత్రిలోనూ, విశాఖ మానసిక వైద్యశాలలోనూ ఓపీకి వచ్చి, మందులు రాయించుకుని, తిన్నగా డ్యూటీకి వెళ్ళిపోయే ఉద్యోగస్తులుంటారు. జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో కూడా మానసిక విభాగాలున్నాయి. ప్రైవేటుగా వెళ్తే సైకియాట్రిస్టు అంటే మందులు రాయగల ఎండీ డాక్టరు, క్లినికల్ సైకాలజిస్టు అంటే మాటలతో చికిత్స చేసే మనిషి. సైకాలజిస్టుకి పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో తప్పులేదు. ఆన్‌లైన్‌లో రెండు వారాంతాల కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్ళు కూడా తిరుగుతున్నారు.

ఆఫీసులో తెలిసిపోతుందని భయమా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ వివరాలు గోప్యంగా ఉంచే హక్కు మీకిచ్చింది. శరీరపు జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలని అదే చట్టం చెప్పింది. అయితే మన పాలసీల్లో చాలావాటికి ఆసుపత్రిలో చేరితేనే డబ్బులు, ఓపీ ఫీజు రాదు. మీ పాలసీ కాగితం ఒకసారి చూసుకోండి.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ‘నిద్ర పట్టడం లేదు డాక్టర్’ అని మాత్రమే చెప్పి, నిద్రమాత్ర రాయించుకుని వచ్చేస్తారు. అలా చేయకండి. వారం రోజులు రాసుకున్న నోట్స్ ఉంది కదా, అది చూపించండి. ఎంత తాగుతున్నారో సగం తగ్గించకుండా చెప్పండి. వాడుతున్న మందులన్నీ, బీపీ మాత్రతో సహా, చెప్పండి. ఇష్టమైతే ఆవిడని కూడా లోపలికి తీసుకెళ్ళండి, మీరు గమనించనివి ఆవిడ చెప్తుంది. దిగులుకి మందు రాస్తే అది పని మొదలుపెట్టడానికే సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపు తిప్పడం, కాస్త కంగారుగా ఉండటం మాత్రం ముందే వచ్చేస్తాయి. చాలామంది ‘పడలేదు’ అని ఆపేసేది ఆ వారంలోనే. ఇంకొంతమంది రెండు నెలలయ్యాక, తేరుకోగానే, చెప్పకుండా ఆపేసి మళ్ళీ మొదటికొస్తారు. ఆపాలనిపిస్తే డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. బయటికొచ్చేముందే రిసెప్షన్‌లో రెండోసారికి తేదీ రాయించుకోండి, శనివారం సాయంత్రం అయితే సెలవు కూడా పెట్టక్కర్లేదు.